గుడ్డ మీది గీత ఎవరి సొత్తు?

మూడేళ్ల కిందట సిడ్నీ నుంచి ఇంటికి వస్తూ మా అత్తయ్యకు ఒక స్కార్ఫ్ కొన్నాను. హార్బర్ దగ్గర టూరిస్టులతో కిటకిటలాడే వీధిలో ఒక సావనీర్ల కొట్టు. ఎర్రమట్టి రంగు గుడ్డ, దాని నిండా తెల్ల చుక్కలు, మధ్యలో తాబేలు. పైన తగిలించిన అట్ట మీద ‘అబొరిజినల్ ఆర్ట్’, అంటే ఆస్ట్రేలియా మూలవాసుల కళ, అని పెద్ద అక్షరాలు. మా అత్తయ్యది పెడన. అద్దకం బల్లల మధ్య పెరిగిన మనిషి. గుడ్డ చేతిలోకి తీసుకోగానే వేళ్లతో నలిపి చూసింది. తిరగేసి, రంగు వెనక్కి ఎంత దిగిందో చూసింది. వెనక తెల్లగా ఉంది. అంచున కుట్టిన బుల్లి లేబుల్ మీద నూరు శాతం పాలిస్టర్ అనీ, ఆస్ట్రేలియా కాని వేరే దేశంలో తయారైందనీ ఉంది. “ఎవరు వేశారే ఈ బొమ్మ?” అని అడిగింది. అట్ట అటూ ఇటూ తిప్పి చూశాను. ఎక్కడా పేరు లేదు.

నేను మోసపోయానన్న బాధ రెండు రోజుల్లో పోయింది. ఆ ప్రశ్న మాత్రం పోలేదు. ఆస్ట్రేలియాలో ప్రొడక్టివిటీ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ 2022లో ఒక నివేదిక ఇచ్చింది. మూలవాసుల కళ పేరుతో అమ్ముడయ్యే సావనీర్లు, వాడుక వస్తువుల మీద జనం పెట్టే ఖర్చులో సగానికి మించి నకిలీ సరుకుకే పోతోందని అందులో తేల్చింది. అంటే నేను కొన్న స్కార్ఫ్ ఏదో ఒక కొట్టువాడి కక్కుర్తి కాదు, అదే అక్కడి మామూలు వ్యాపారం. ఈ లెక్క తెలిశాక, అదే సిడ్నీలో 1985లో తెరిచిన ఒక బట్టల కొట్టు గురించి చదివాను. ఆ కొట్టు నడిచింది ఐదేళ్లే. కానీ ఇవాళ అక్కడ ఫ్యాషన్ రంగంలో జరుగుతున్న చర్చలన్నీ ఆ చిన్న కొట్టులో అప్పుడే మొదలయ్యాయని నా అభిప్రాయం.

కొట్టు పేరు ‘డిజైనర్ అబొరిజినల్స్’. సిడ్నీ నగరానికి పడమటగా, రోజెల్ అనే పేటలో ఉండేది. పెట్టినామె బ్రాన్విన్ బాంక్రాఫ్ట్. తను వేసిన డిజైన్లతో పాటు ఇతర మూలవాసి కళాకారుల డిజైన్లున్న గుడ్డలు అక్కడ అమ్మేవారు. కొట్టులో పనిచేసినవాళ్లు ఆమె దగ్గర నేర్చుకుంటున్న మూలవాసి అమ్మాయిలే. గీసే చేయి, అమ్మే చేయి, డబ్బు లెక్కపెట్టే చేయి ఒకే జనానివి. మనకు ఇందులో వింతేమీ కనిపించకపోవచ్చు. నేతన్నే మూట కట్టుకుని ఊరూరా తిరిగి చీరలు అమ్మిన రోజులు మనకు తెలుసు. ఆస్ట్రేలియాలో మాత్రం అది కొత్త. ఎంత కొత్తో అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

బాంక్రాఫ్ట్ 1958లో న్యూ సౌత్ వేల్స్ ఉత్తరాన టెంటర్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. ఏడుగురు పిల్లల్లో ఆఖరిది. తండ్రి బండ్జలంగ్ జాతిలోని జన్‌బన్ వంశానికి చెందిన మూలవాసి. తల్లి వైపు స్కాట్లాండ్, పోలండ్ మూలాలు. తమ నేలను ఒక తెల్ల రైతు ఆక్రమించినప్పుడు జరిగిన ఊచకోతలో వంశమంతా పోగా ప్రాణాలతో మిగిలిన ఇద్దరు ముగ్గురిలో తన పూర్వీకురాలు పెమావ్ ఒకరని ఆ కుటుంబం చెప్పుకుంటుంది. ఆస్ట్రేలియా ఒక దేశంగా ఏకం కావాలని 1889లో న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వాధినేత హెన్రీ పార్క్స్ పిలుపునిచ్చిన ప్రసంగం ఈ టెంటర్‌ఫీల్డ్‌లోనే జరిగింది. అందుకే ఆ ఊరికి అంత పేరు. అలా ఏకమైన దేశం రాసుకున్న రాజ్యాంగం మాత్రం, జనాభా లెక్కల్లో మూలవాసులను కలపకూడదని రాసింది. ఆ నిబంధన పోయింది 1967 రెఫరెండంలో, 90 శాతానికి పైగా జనం ‘సరే’ అని ఓటేశాక. అప్పటికి బ్రాన్విన్ బడికి వెళ్లే పిల్ల. జాతి వివక్ష వల్ల తండ్రి చదువు ముందుకు సాగలేదు. పిల్లలు చదువుకోవాలని ఆయన పట్టుబట్టాడు. ఆమె కాన్‌బెర్రా స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివింది, తర్వాత సిడ్నీ విశ్వవిద్యాలయంలో మాస్టర్స్ చేసింది.

మూలవాసులకూ గుడ్డకూ ఉన్న సంబంధం గురించి ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. ఇది తెలియకపోతే ఆ కొట్టు విలువ తెలియదు.

ఆగ్నేయ ఆస్ట్రేలియాలో చలి ఎక్కువ. అక్కడి జనం పోసమ్ అనే చెట్టుజంతువు తోళ్లతో పెద్ద దుప్పట్లు కుట్టుకునేవారు. ఒక్కో దుప్పటికి డజన్ల కొద్దీ తోళ్లు. వాటిని కంగారూ నరాలతో కలిపి కుట్టేవారు. బొచ్చు ఒంటికి తగిలేలా కప్పుకుంటే వెచ్చదనం, తిప్పి కప్పుకుంటే వాన నీళ్లు జారిపోయేవి. తోలు వైపు గిల్లినట్టు సన్నని గీతలు చెక్కేవారు. ఆ మనిషి ఎవరు, ఏ నేల వాడు, ఏ వంశం అన్నది ఆ గీతల్లో ఉండేది. బిడ్డ పుట్టినప్పుడు నాలుగైదు తోళ్లతో చిన్న దుప్పటి కుట్టి, బిడ్డతో పాటే తోళ్లు చేరుస్తూ పోయేవారు. చనిపోతే అందులోనే చుట్టి సాగనంపేవారు. అది బట్ట, పక్క, గుర్తింపు పత్రం అన్నీను. ఇంగ్లిష్ పాలన వచ్చాక భూమి పోయింది, వేట పోయింది. బదులుగా ప్రభుత్వం ఏడాదికోసారి ఉన్ని దుప్పట్లు పంచింది. విక్టోరియా రాణి పుట్టినరోజున వరుసలో నిలబడి ఆ దుప్పటి తీసుకోవాలి. ఉన్ని తడిస్తే నీళ్లు పీల్చుకుంటుంది. తడి దుప్పట్లతో పడుకున్నవాళ్లను దగ్గు, జ్వరం, ఊపిరితిత్తుల జబ్బులు పట్టుకున్నాయి. 19వ శతాబ్దపు పోసమ్ దుప్పట్లు ఇవాళ చాలా కొద్దిగా మిగిలాయి. వాటిలో రెండు మెల్‌బోర్న్ మ్యూజియంలో ఉన్నాయి.

20వ శతాబ్దంలో కథ మరోలా నడిచింది. ప్రభుత్వం తల్లిదండ్రుల నుంచి లాక్కొచ్చిన మూలవాసి ఆడపిల్లలను కూటమండ్ర వంటి హోముల్లో ఉంచి వంట, ఉతుకు, కుట్టు నేర్పి తెల్లవాళ్ల ఇళ్లకు పనికి పంపేవారు. జీతంలో చాలా భాగం ప్రభుత్వ బోర్డు ఖాతాలోకి పోయేది. పిల్లల చేతికి చిల్లర. ఆ హోమ్ 1969 దాకా నడిచింది. అంటే సూది పట్టడం వాళ్లకు నేర్పారు. ఆ సూదితో తమ కోసం సంపాదించుకోవడం మాత్రం వాళ్ల చేతిలో పెట్టలేదు.

ఆ హోమ్ మూతపడిన 16 ఏళ్లకు, మూలవాసి అమ్మాయిలు తమ వాళ్ల గుడ్డ తామే అమ్మిన కొట్టు తెరుచుకుంది. అందుకే బాంక్రాఫ్ట్ గురించి మాట్లాడేటప్పుడు చాలామంది పారిస్‌తో మొదలుపెట్టినా, నాకు ముందు కనిపించేది రోజెల్‌లోని ఆ గల్లాపెట్టె.

పారిస్ సంగతీ చెప్పాలి, అది చిన్న ఘనత కాదు. 1987లో ప్రింతాం అనే ప్రసిద్ధ డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో జరిగిన ఫ్యాషన్ ప్రదర్శనకు బాంక్రాఫ్ట్, యుఫీమియా బోస్టాక్, మినీ హీత్ వెళ్లారు. పారిస్‌లో తమ పని చూపించమని పిలుపు అందుకున్న తొలి ఆస్ట్రేలియా డిజైనర్లలో వీళ్లు ఉన్నారు. మళ్లీ చదవండి, తొలి ‘ఆస్ట్రేలియా’ డిజైనర్లలో. తెల్ల డిజైనర్లు ఎర్రమట్టి రంగులూ ఎడారి బొమ్మలూ చూసి స్ఫూర్తి పొందామని చెప్పుకుంటున్న కాలంలో, ఆ స్ఫూర్తి ఎవరిదో వాళ్లే స్వయంగా వెళ్లి నిలబడ్డారు. యుఫీమియా బోస్టాక్ కూడా బండ్జలంగ్ మూలాలున్న కళాకారిణే. పోసమ్ తోలు దుప్పటి మీది గీతలను స్క్రీన్ ప్రింట్‌గా గుడ్డ మీదికి తెచ్చింది. రాణి దుప్పటి వచ్చి తుడిచేసిన గీత, నూరేళ్ల తర్వాత మీటర్ల లెక్కన అచ్చయి బయటికొచ్చింది. రెండేళ్లకు, 1989లో, ఆస్ట్రేలియా ఫ్యాషన్ మీద లండన్‌లో జరిగిన ఎగ్జిబిషన్‌లోనూ బాంక్రాఫ్ట్ పని కనిపించింది.

ఇంత పేరొచ్చిన కొట్టు 1990 దాకానే నడిచింది. ఎందుకు మూసేశారన్నదానికి ఒక్క ముక్కలో సమాధానం చెప్పడం న్యాయం కాదు. కానీ బట్టల వ్యాపారం ఎలా ఉంటుందో, ఆ ఏళ్లలో ఆస్ట్రేలియా ఎలా ఉందో చూస్తే కొన్ని సంగతులు అర్థమవుతాయి. చేత్తో రంగులు వేసిన గుడ్డకు ఒక్కో మీటరుకూ ఒక మనిషి రోజు ఖర్చవుతుంది. నిన్నటి మీటరు ఇవాళ్టి మీటరులా ఉండదు. అదే దాని అందం, అదే దాని ఇబ్బంది. ముందుగా గుడ్డ కొనాలి, రంగులు కొనాలి, అద్దె కట్టాలి, నాలుగైదు సైజులు కుట్టించి పెట్టుకోవాలి. అమ్ముడుపోని సైజు అలమరలో కూర్చుంటుంది, వడ్డీ మాత్రం కూర్చోదు. 1989, 1990ల్లో ఆస్ట్రేలియాలో ఇంటి రుణాల మీదే వడ్డీ 17 శాతానికి చేరింది. వెనకే ఆర్థిక మాంద్యం వచ్చింది. అదే సమయంలో బట్టల దిగుమతుల మీద కోటాలు, సుంకాలు తగ్గించే పని ప్రభుత్వం మొదలుపెట్టింది. చవక గుడ్డ ఓడల్లో దిగుతున్నప్పుడు చేత్తో రంగు వేసిన మీటరు ధర చెప్పి ఒప్పించడం ఎంత కష్టమో పెడనలో ఎవరినైనా అడగండి.

ఇంకో పెద్ద లోటు పెట్టుబడి. మామూలు వ్యాపారికి తాత ఇల్లు, తండ్రి పొలం తాకట్టుకు పనికొస్తాయి. భూమి పోగొట్టుకుని, జీతం బోర్డు ఖాతాల్లో వదులుకున్న తరం పిల్లలకు ఆ వెసులుబాటు ఉండదు. ఫ్యాషన్ పేజీల్లో రాసేవాళ్లు ప్రతిభ గురించి రాస్తారు, తాకట్టు గురించి రాయరు. ఒక సమాజం నుంచి డిజైనర్లు ఎందుకు తక్కువగా వస్తారన్న ప్రశ్నకు సగం జవాబు బ్యాంకులో ఉంటుందని నేను నమ్ముతాను.

ఇంకో చిక్కు కొనేవాళ్ల బుర్రలో ఉంది. మూలవాసి కళ అనగానే చుక్కలు, గోధుమరంగు, తాబేలు అడుగుతారు, నేను కొన్న స్కార్ఫ్‌లాగే. చుక్కల చిత్రం అనాదిగా కాన్వాస్ మీద ఉన్నదని అనుకుంటారు. నిజానికి ఎడారిలోని పాపున్యా అనే ఊళ్లో పెద్దలు నేల మీదా ఒంటి మీదా వేసుకునే ఆకృతులను బోర్డుల మీదికి, కాన్వాస్ మీదికి తేవడం మొదలైంది 1971లో. అది ఆ ప్రాంతపు జనం హక్కు. బండ్జలంగ్ ఆడపిల్లకు ఎడారి చుక్కలు తనవి కావు. బాంక్రాఫ్ట్ గీతలు వేరు. నల్లటి లావు అంచుల మధ్య కళ్లు జిగేలుమనే నీలం, ఎరుపు, పసుపు, చర్చి కిటికీలో రంగుటద్దాలు పేర్చినట్టు ఉంటాయి. నగరంలో బతుకుతూ, కాలేజీలో చదువుకుని, మెరిసే రంగులు వాడే మూలవాసిని ‘అసలైన’ మూలవాసి కళాకారిణిగా ఒప్పుకోవడానికి అప్పటి గ్యాలరీలు ఇష్టపడలేదు.

దానికి జవాబుగా 1987లో సిడ్నీలో పదిమంది మూలవాసి కళాకారులు కలిసి బూమలి అనే సహకార సంఘం పెట్టుకున్నారు. పదిమందిలో బాంక్రాఫ్ట్, బోస్టాక్ ఉన్నారు. తర్వాత ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ట్రేసీ మొఫాట్, ఫియోనా ఫోలీ, మైకేల్ రైలీ కూడా ఉన్నారు. బూమలి అంటే బండ్జలంగ్, గమిలరాయ్, విరాడ్జురి భాషల్లో కొట్టడం, గుర్తు పెట్టడం. కొట్టు మూతపడింది, సంఘం నిలబడింది. ఇప్పటికీ సిడ్నీలోని లైకార్ట్‌లో నడుస్తోంది. బాంక్రాఫ్ట్ దాని చైర్‌పర్సన్‌గానూ పనిచేసింది. ఒంటరి వ్యాపారికి లేని ఓపిక సంఘానికి ఉంటుందని సహకార సంఘాల మంచీ చెడూ చూసిన మనకు వేరే చెప్పక్కర్లేదు.

కొట్టు మూసేశాక ఆమె ఏం చేసిందన్నదే ఈ కెరీర్‌లో నాకు బాగా నచ్చిన భాగం. 1990ల నుంచి పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేసింది, రాసింది కూడా. డజన్ల కొద్దీ పుస్తకాలు. పిల్లల సాహిత్యానికి చేసిన సేవకు 2010లో డ్రోమ్‌కీన్ పతకం వచ్చింది. చూసినవాళ్లు ‘బట్టలు వదిలేసి పుస్తకాల్లోకి వెళ్లింది’ అంటారు. బొమ్మ చూస్తే అదే లావు అంచు, అదే రంగుటద్దం. మారింది లెక్క. బట్టల్లో నష్టమంతా డిజైనర్ నెత్తిన. పుస్తకంలో కాగితం ఖర్చు, అచ్చు ఖర్చు, మిగిలిపోయిన కాపీల బాధ ప్రచురణకర్తవి. గీసిన మనిషికి రాయల్టీ, అన్నింటికన్నా ముఖ్యంగా అట్ట మీద పేరు. గుడ్డ కొన్నవాళ్లకు డిజైనర్ పేరు తెలియకుండా బతకొచ్చు, పుస్తకం చేతబట్టిన పిల్లకు పేరు కనిపించకుండా ఉండదు. సిడ్నీలో మా చెల్లెలి కూతురు డే కేర్ నుంచి ఆమె బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చుకుని, జంతువుల పేర్లు ఇంగ్లిష్‌లోనూ తెలుగులోనూ చెప్పుకుంటూ తిప్పుతుంటుంది. ఆస్ట్రేలియాలో పెరిగే మన పిల్లల్లో ఎంతోమందికి ఆ దేశపు మూలవాసుల గీత మొదట పరిచయమయ్యేది ఇలాంటి పుస్తకాల్లోనే.

హక్కుల సంగతి ఆమె తన బొమ్మల వరకే చూసుకుని వదిలేయలేదు. కళాకారుల కాపీరైట్ చూసే సంస్థల్లోనూ, వాళ్లకు న్యాయ సలహా ఇచ్చే ఆర్ట్స్ లా సెంటర్‌లోనూ బోర్డుల్లో కూర్చుంది. ఎందుకంటే ఆమె కొట్టు నడిపిన ఏళ్లలోనే దోపిడీ కోర్టుకెక్కింది.

జాన్ బులున్ బులున్ అని ఉత్తరాన ఆర్న్‌హెమ్ ల్యాండ్‌కు చెందిన చిత్రకారుడు. నీటిగుంట దగ్గర కలువలు, బాతులు ఉన్న బొమ్మ ఒకటి 1978లో వేశాడు. అది తన గనల్బింగు వంశానికి పవిత్రమైన చోటు. ఎవరు పడితే వాళ్లు గీసేది కాదు, పెద్దల అనుమతితో గీయాల్సింది. దాన్ని అడగకుండా టీషర్టుల మీద అచ్చేశారు. ఆయన కోర్టుకు వెళ్లాడు, 1989లో రాజీ కుదిరింది. కొన్నేళ్లకు అదే బొమ్మ మళ్లీ దిగుమతి చేసుకున్న గుడ్డ మీద తేలింది, వేల మీటర్లు. ఈసారి 1998లో ఫెడరల్ కోర్టు తీర్పులో కొత్త మాట వచ్చింది. కాపీరైట్ కళాకారుడిదే, కానీ ఆ బొమ్మ విషయంలో తన వంశం నమ్మకాన్ని కాపాడాల్సిన బాధ్యత అతనికి ఉంటుందని కోర్టు చెప్పింది. మనిషి ఒక్కడు గీసినా గీత వెనక ఊరంతా ఉంటుందన్న సంగతి ఇంగ్లిష్ చట్టం నోట కొంతైనా వచ్చింది. మధ్యలో 1994లో కార్పెట్ల కేసు. మూలవాసి కళాకారుల బొమ్మలను వియత్నాంలో కార్పెట్ల మీద నేయించి అమ్మిన పెర్త్ కంపెనీ మీద 1,88,640 డాలర్ల పరిహారం వేశారు. కాళ్ల కింద తొక్కే వస్తువు మీద పవిత్రమైన బొమ్మ ఉండటమే పెద్ద అవమానమని జడ్జి గుర్తించారు. తీర్పు గొప్పగా ఉంది, కంపెనీ మూతపడింది, డబ్బు కళాకారుల చేతికి రాలేదు.

నకిలీల్లో చాలావరకు అసలు ఎవరి బొమ్మనూ కాపీ కొట్టవు. నా స్కార్ఫ్ మీది తాబేలు ఎవరి తాబేలూ కాదు, కంప్యూటర్ ముందు కూర్చుని ‘అలా కనిపించేలా’ గీసింది. కాపీరైట్ చట్టానికి అది దొరకదు. అలాంటి ఒక కంపెనీని వినియోగదారుల చట్టం కింద పట్టుకోగలిగారు. బిరూబీ ఆర్ట్ అనే సంస్థ ఇండోనేషియాలో చేయించిన బూమరాంగులు, ఊదే వాద్యాలైన డిజరిడూలు వంటివి 18 వేలకు పైగా అమ్మింది. అవి ఆస్ట్రేలియాలో మూలవాసుల చేతులు చేసినవన్న భ్రమ కల్పించిందని తేల్చి ఫెడరల్ కోర్టు 2019లో 23 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అప్పటికే అది దివాలా దారిలో ఉంది.

కాపీరైట్ గురించి ఇంత గట్టిగా చెప్పాక, దాని రెండో వైపు కూడా చెప్పకపోతే నిజాయితీ కాదు. నలుపు, ఎరుపు, మధ్యలో పసుపు సూర్యుడు ఉన్న మూలవాసుల జెండాను 1971లో గీసింది మూలవాసి కళాకారుడు హెరాల్డ్ థామస్. కాపీరైట్ ఆయనదేనని 1997లో కోర్టు చెప్పింది. 2018లో ఆయన బట్టల మీద ఆ జెండా వాడే పూర్తి లైసెన్స్‌ను మూలవాసులది కాని ఒక కంపెనీకి ఇచ్చాడు. ఆ కంపెనీ యజమానుల్లో ఒకరు పైన చెప్పిన బిరూబీకి డైరెక్టర్. మరుసటి ఏడాది మెల్‌బోర్న్‌లో మూలవాసులే నడుపుతున్న క్లోతింగ్ ద గ్యాప్స్ అనే బట్టల సంస్థకు నోటీసు వచ్చింది, మా జెండా వాడటం ఆపండని. తమ జెండా తమ టీషర్టు మీద వేసుకోవడానికి ఎవరినో అడగాలా అని వాళ్లు ఉద్యమం నడిపారు. 2020లో ఫుట్‌బాల్ లీగ్ మూలవాసుల గౌరవార్థం ఆడే మ్యాచుల్లోనే మైదానం మీద ఆ జెండా గీయలేకపోయారు. చివరికి 2022 జనవరిలో ప్రభుత్వం రెండు కోట్ల డాలర్లకు పైగా చెల్లించి కాపీరైట్ తీసుకుని జెండాను అందరికీ వదిలింది. హెరాల్డ్ థామస్‌ను నేను తప్పు పట్టలేను. జీవితమంతా గీసి బతికిన కళాకారుడికి తన గీత మీద సంపాదించే హక్కు లేదనడం ఎలా? కానీ హక్కు ఒక్క మనిషి పేర ఉండి, గుర్తు జనమందరిదీ అయినప్పుడు ఏం జరుగుతుందో ఆ నోటీసు చూపించింది.

క్లోతింగ్ ద గ్యాప్స్ బట్టల అమ్మకంలో ఒక చిన్న పద్ధతి నాకు భలే నచ్చింది. ఒక్కో డిజైన్ దగ్గర రెండు గుర్తుల్లో ఒకటి ఉంటుంది. ఒకటి మూలవాసులు మాత్రమే వేసుకోవాల్సినది, రెండోది అండగా నిలిచే ఎవరైనా వేసుకోదగినది. నాలాంటివాళ్లు ఏది కొనొచ్చో, ఏది వాళ్లకే వదిలేయాలో లేబులే చెబుతుంది. పరాయి సంస్కృతి బట్ట వేసుకోవడం గౌరవమా, దొంగతనమా అని సోషల్ మీడియాలో సాగే అంతులేని గొడవకు ఇంత సులువైన జవాబు ఇంకెక్కడా నేను చూడలేదు.

మన దగ్గర కాపీరైట్ చట్టం గుడ్డ మీద గీసేవాళ్లకు ఇచ్చే రక్షణ ఇంకా తక్కువ. భారత కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, రిజిస్టర్ చేయించదగిన డిజైన్‌ను రిజిస్టర్ చేయించకుండా యాభైకి మించి వస్తువుల మీద అచ్చేస్తే ఆ డిజైన్ మీద కాపీరైట్ పోతుంది. రిజిస్టర్ చేయించుకున్నా రక్షణ గరిష్ఠంగా పదిహేనేళ్లే. ఆస్ట్రేలియాలో గుడ్డ మీద అచ్చైన బొమ్మకు కాపీరైట్ అలాగే ఉంటుంది, కళాకారుడు పోయాక ఇంకో డెబ్బై ఏళ్లు కూడా. మచిలీపట్నం కలంకారీకి, పోచంపల్లికి భౌగోళిక గుర్తింపు ఉంది నిజమే. అది ప్రాంతం పేరును కాపాడుతుంది. ఫలానా అచ్చు చెక్కిన ఫలానా మనిషి పేరు అందులో ఉండదు. మా అత్తయ్య వాళ్ల వీధిలో అచ్చులు చెక్కిన ముసలాయన పేరు ఏ చీర అంచునా ఇప్పటికీ లేదు. ఈ విషయంలో వాళ్లకు మనం నేర్పేది తక్కువ, నేర్చుకునేది ఎక్కువ.

ఇప్పుడు ఆస్ట్రేలియాలో పరిస్థితి 1985లా లేదు. డార్విన్‌లో 2020 నుంచి జాతీయ మూలవాసి ఫ్యాషన్ అవార్డులు ఇస్తున్నారు. 2021లో ఆస్ట్రేలియన్ ఫ్యాషన్ వీక్‌లో పూర్తిగా మూలవాసి డిజైనర్లతోనే ప్రదర్శనలు జరిగాయి. 2023లో విరాడ్జురి డిజైనర్ డెనీ ఫ్రాన్సిస్కో, తన ఎన్‌గాలీ సంస్థ పేరున అదే వేదిక మీద ఒంటరిగా పూర్తి ప్రదర్శన ఇచ్చింది. ఒక మూలవాసి డిజైనర్‌కు అలా దక్కడం అదే మొదటిసారి. ఎన్‌గాలీ అంటే ‘మనం’ అని అర్థం. ఆమె వేరే ప్రాంతపు చిత్రకారుల బొమ్మలను ఒప్పందంతో తీసుకుని, వాళ్ల పేరు చెప్పి పట్టు గుడ్డ మీద అచ్చేయిస్తుంది. రోజెల్ కొట్టులో ఇతర కళాకారుల గుడ్డలకు చోటిచ్చినప్పుడు బాంక్రాఫ్ట్ చేసినదీ ఇలాంటిదే. తేడా ఏమిటంటే, ఈమె వెనక ఒక అవార్డుల వేదిక, పెద్ద స్టోర్లతో పరిచయం కల్పించే కార్యక్రమం, నోటీసు వస్తే తిప్పికొట్టిన ఉద్యమ అనుభవం ఉన్నాయి. బాంక్రాఫ్ట్ వెనక ఇవేవీ లేవు.

అయినా పారిస్ నుంచి ఫ్యాషన్ వీక్ సోలో దాకా 36 ఏళ్లు పట్టింది. పండగ చేసుకోవాల్సిన వార్తే, కానీ ఆ 36 ఏళ్ల లెక్క కూడా వార్తలో రాయాలి. మధ్యలో ఎంతమంది కొట్టు తెరిచి మూసుకున్నారో, ఎంతమంది గుడ్డ నుంచి కాన్వాస్‌కో, ఉద్యోగానికో వెళ్లిపోయారో ఎవరూ లెక్క కట్టలేదు. ఎడారిలో యుటోపియా ఊరి ఆడవాళ్లు 1977 నుంచి బాతిక్ అద్దకం చేశారు. ఎమిలీ కామె ఎన్‌గ్వారే అనే మహా చిత్రకారిణి కాన్వాస్ ముట్టుకునే ముందు దాదాపు పదేళ్లు పట్టు మీద మైనంతో గీసింది. ఆమె కాన్వాసులు లక్షల డాలర్లు పలికాయి. బాతిక్‌కు ఆ ధర రాలేదు. గుడ్డ మీద వేస్తే చేతిపని, చట్రంలో బిగిస్తే కళ అనే తూకం అక్కడా ఉంది, ఇక్కడా ఉంది. ఆస్ట్రేలియాలో 2010 నుంచి కాన్వాస్ మళ్లీ అమ్ముడైన ప్రతిసారీ వెయ్యి డాలర్లు, ఆపైన ధర పలికితే కళాకారుడికి ఐదు శాతం దక్కుతుంది. కుట్టిన గౌనుకు అలాంటిది లేదు.

నకిలీల సంగతి చట్టంతో తేల్చాలని ప్రొడక్టివిటీ కమిషన్ సిఫార్సు చేసింది. 2023 జనవరిలో ప్రకటించిన ‘రివైవ్’ అనే జాతీయ సాంస్కృతిక విధానంలో, మూలవాసుల జ్ఞానాన్ని, సాంస్కృతిక గుర్తులను కాపాడే ప్రత్యేక చట్టం తెస్తామని ప్రభుత్వం మాటిచ్చింది. ఆ చట్టం గ్యాలరీ గోడల దగ్గరే ఆగకుండా హార్బర్ వీధిలో వేలాడే స్కార్ఫుల దాకా రావాలి. ఎవరి బొమ్మా కాని ఆ తాబేలును కూడా పట్టుకోగలగాలి. రోజెల్‌లో ఆ కొట్టు తలుపులు తెరిచిన 38 ఏళ్లకు వచ్చిన మాట అది.